రెండుసార్లు ఓడిన ఇంటికి కోడలు

"సొన మచ్చలున్నయ్. ఈ లోడు నాకొద్దు."

బంగినపల్లి కాయని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ ట్రేలో పెట్టేసింది కీరత్. ఎదురుగా నిలబడ్డ యువకుడు కాయని చూడలేదు. ఆమెనే చూస్తూ, "ఉన్నయ్ కాదండీ, ఉన్నాయి" అన్నాడు.

"ఏంది?"

"ఏంటి."

ఏప్రిల్ చివరి వారం. నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే రోడ్డు పక్కన ఉన్న ఆ ప్యాక్‌హౌస్ రేకులు సెగలు కక్కుతున్నాయి. పొద్దుట్నుంచీ ఆమె చూసిన లోడుల్లో ఒక్కటీ బాగాలేదు. ఈ ఏడాది పూతే ఆలస్యంగా వచ్చింది. వచ్చిన పూతని పురుగు తింది, నిలబడ్డ పిందెల్ని ఎండ తింది. మే నెల రాకముందే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఒకరినొకరు చూసి విసుక్కోవడం మొదలైంది.

"ముందు మీ కాయ మీద మచ్చల సంగతి చూసుకోండి. నా మాట మీద మచ్చలు తర్వాత ఎతుక్కోవచ్చు" అంది కీరత్.

పక్కన కాయలు గ్రేడింగ్ చేస్తున్న సలోమోను మొహం తిప్పుకుని నవ్వాడు. ఆ యువకుడూ నవ్వేశాడు. నవ్వితే అలిసిన మొహం కాస్త తేరుకున్నట్టయింది.

"సరే మేడమ్, ఒప్పుకున్నాను. తొడిమతో కొయ్యండ్రా అంటే మావాళ్లు వినరు. తొడిమ విరిగితే సొన కారకేం చేస్తుంది? రేపు మంచి కాయ తెస్తాను. నా పేరు ఫణి. ప్రభాకరరావు గారి కమీషన్ షాపు మాదే."

"కీరత్."

"కీర్తా?"

"కీరత్. కీరత్ కౌర్."

అప్పుడు చూశాడు ఆమె చేతికున్న ఉక్కు కడియాన్ని. తర్వాత ఏమడుగుతాడో ఆమెకి తెలుసు. ఊహ తెలిసినప్పట్నుంచీ అందరూ అడుగుతూనే ఉన్నారు.

"పంజాబీలా మీరు? మరి తెలుగింత బాగా ఎలా వచ్చిందండీ?"

"మీకెట్ల వచ్చింది?"

"మాది తెలుగే కదా. మా అమ్మ నేర్పింది."

"మా అమ్మ కూడా అదే చేసింది" అని ఆమె తర్వాతి లోడు దగ్గరికి వెళ్లిపోయింది.

కీరత్ వాళ్లది హైదరాబాదు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట నిజాము పిలిపించుకున్న సిక్కు సైనికుల సంతతి. అమృత్‌సర్‌కి మొక్కు తీర్చుకోవడానికి వెళ్లి రావడమే తప్ప పంజాబులో వాళ్లకి గజం నేల లేదు, రమ్మని పిలిచే చుట్టం లేడు. దేవుడితో పంజాబీ, బజారుతో ఉర్దూ, పోట్లాటకి తెలుగు. ఇదీ ఆ ఇంటి పద్ధతి. తండ్రి కర్తార్ సింగ్ ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కీరత్ హార్టికల్చర్ చదివి మామిడి ఎగుమతి చేసే కంపెనీలో చేరింది. సీజన్‌లో నూజివీడులో అద్దె గది, రోజంతా కాయల సెలెక్షన్.

మర్నాడు ఫణి నిజంగానే మంచి కాయ తెచ్చాడు. ఆ తర్వాత రోజూ తెచ్చాడు. ఇంకోరోజు తేవడానికి లోడేమీ లేకపోయినా వచ్చాడు.

"ఏంది, ఉత్త చేతులతోటి వచ్చిన్రు?"

"మా కలెక్టర్ ఎలా ఉందో కనుక్కుందామని."

"కలెక్టరెవరు?"

"మీరు తోతాపురి అంటారు చూడండి, దాన్ని మేం కలెక్టర్ కాయ అంటాం. నిన్న శాంపిల్ ఇచ్చాగా."

"ఆ కలెక్టర్‌ను నిన్ననే ట్రాన్స్‌ఫర్ చేసినం. పుల్లగుంది."

అతను రోజూ ఆమె మాట ఒకటి సరిదిద్దేవాడు. ఆమె రోజూ అతని కాయలో ఒక వంక పట్టేది. చిన్న రసాన్ని చాకుతో కొయ్యబోతుంటే ఆపి, మెత్తగా పిసికి తొడిమ దగ్గర కొరికి జుర్రుకోవాలని చూపించాడు. మొదటి కాయ ఆమె దుపట్టా మీదికి చిమ్మింది.

"పోతదా ఈ మరక?"

"పోదండీ. అయినా పోవాలని మీకంత తొందరేంటి?"

ఆ మాటకి కీరత్‌కి నవ్వొచ్చింది. కానీ ఆ రోజుల్లో ఆమె నవ్వుకి ఒక జబ్బుండేది. ఫోన్ మోగితే చాలు, ఎక్కడున్నది అక్కడే ఆగిపోయేది.

మే నెల మధ్యలో గాలివాన వచ్చింది. ఆ సాయంత్రం ఆమె ముసునూరు దగ్గర ఫణి వాళ్లు కౌలుకి తీసుకున్న తోట చూడ్డానికి వెళ్లింది. కాయకి కట్టిన కాగితం కవర్లు విప్పి చూస్తుండగానే పడమటి వైపు ఆకాశం నల్లబడింది. ఇద్దరూ పరుగెత్తి మోటారు గదిలో దూరేసరికి తోటంతా ఊగిపోతోంది. కాయలు దబదబా రాలుతున్నాయి. తలుపులో నిలబడి ఆ చప్పుడు వింటున్న ఫణి ఉన్నట్టుండి నవ్వాడు.

"నవ్వుతున్నరేంది? అన్నీ మీ కాయలేనాయె."

"ఏడిస్తే ఆగుతాయా చెప్పండి. మా ఇంట్లో ఓడిపోవడం అలవాటే."

"అంటే?"

"మా నాన్న డెబ్బై రెండులో జై ఆంధ్రా ఉద్యమంలో తిరిగాడు. మనం విడిపోవాలి, మా ఆంధ్ర మాకు కావాలి అని. చదువు పోయింది, మోకాలు పోయింది, జైల్లో పెట్టారు. రాష్ట్రం రాలేదు. మళ్లీ పదమూడులో సమైక్యాంధ్ర అని నూజివీడు సెంటర్లో టెంటు వేసుక్కూర్చున్నాడు. విడిపోవద్దు, కలిసుండాలి అని. అప్పుడు నేనూ ఇంజినీరింగ్ పరీక్షలు ఎగ్గొట్టి రోడ్డు మీదే ఉన్నాను. రాష్ట్రం విడిపోయింది. విడిపోదామన్నప్పుడు ఓడిపోయాం, కలిసుందామన్నప్పుడూ ఓడిపోయాం. ఇప్పుడు రాష్ట్రమంటే నాకు ఆధార్ కార్డు మీద అడ్రసు. అంతకు మించి ఓపిక లేదు."

కీరత్ వాన వంక చూస్తూ, "ఆ టైముల నేను స్కూల్ యూనిఫాం మీదనే జై తెలంగాణ అని ఒర్లిన" అంది.

"అయితే మీరు గెలిచారన్నమాట."

"గెలిచినం. ఏం గెలిచినమో నాకైతే తెల్వదు. మా వీర్జీకి తెలుసు."

వాళ్లింట్లో నాన్నని పాపాజీ, అన్నయ్యని వీర్జీ అంటారు. ఆ మాట అని నోరు మూసిందో లేదో ఫోన్ మోగింది. తెర మీద అదే పేరు. ఆమె చూస్తూ ఊరుకుంది. ఆగిపోయి మళ్లీ మోగింది. మూడోసారి ఎత్తింది.

"కీరత్, లింక్ పంపిన, చూసినవా? నిన్నటి మీటింగ్ ఎంత మంది వచ్చిన్రో చూడు."

"చూస్త వీర్జీ. వాన పడ్తుంది. మల్ల చేస్త."

"పాపాజీకి చూపించినవా?"

"మల్ల చేస్తనన్న కదా" అని పెట్టేసింది.

ఫణి ఏమీ అడగలేదు. అడగనందుకే ఆమె చెప్పింది.

అన్న హర్తేజ్ తెలంగాణ ఉద్యమంలో క్యాంపస్‌లో లాఠీ దెబ్బలు తిన్నాడు. రాష్ట్రం వచ్చిన రోజు ఇంటి ముందు డోలు వాయించాడు. తర్వాత చదువుకని కెనడా వెళ్లి, ట్రక్కు నడుపుతూ, అక్కడి పౌరసత్వం తీసుకుని స్థిరపడ్డాడు. అక్కడి గురుద్వారాలో పరిచయమైన వాళ్లతో కలిసి పంజాబు వేరే దేశం కావాలా వద్దా అని ప్రవాస సిక్కులతో ఓటు వేయించే పనిలో పడ్డాడు. రెండేళ్ల కిందట అతను వేదిక మీద మాట్లాడిన వీడియో ఇక్కడిదాకా వచ్చింది. మఫ్టీలో ఉన్న ఇద్దరు పోలీసులు ఇంటికొచ్చి మర్యాదగానే నాలుగు ప్రశ్నలడిగి, టీ తాగి వెళ్లారు. ఆ రోజు నుంచి కాలింగ్ బెల్ మోగితే కర్తార్ సింగ్ ఉలిక్కిపడతాడు. ఆ రాత్రే కొడుకుతో, "మాట్లాడేది నువ్వక్కడ, బతకాల్సింది మేమిక్కడ" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఇద్దరికీ మాటల్లేవు.

"మరి మీరు? మీరేమనుకుంటున్నారు?"

"నేనా? పొద్దున వీర్జీ చెప్పింది వింట, సాయంత్రం పాపాజీ బాధ వింట. మధ్యల మామిడికాయలు చూస్త. అనుకునేటందుకు టైమేది?"

వాన తగ్గేసరికి తోట నేలంతా పచ్చగా కాయలు పరుచుకుని ఉన్నాయి. ఇద్దరూ ఆ బురదలోకి దిగారు. వంగి ఒక కాయ తీసి లుంగీ అంచుతో తుడుస్తూ ఫణి మెల్లగా అన్నాడు.

"ఇలాంటి రోజున అడక్కూడదనుకుంటా. కానీ ఇంతకంటే పాడురోజు ఇక రాదుగా, అందుకని అడుగుతున్నాను. మీరు నన్ను పెళ్లి చేసుకుంటారా?"

కీరత్ అతని చేతిలోని కాయ వంక చూసింది. "మా ఇంటి సంగతి ఇప్పుడే చెప్పిన కదా. అయినా అడుగుతున్నరా?"

"మీ ఇంటిది వేరు, మీది వేరు. నేను మిమ్మల్ని అడిగాను."

ఆమె అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు బైకు మీద ముందు కూర్చున్నవాడి భుజం మాత్రం పట్టుకుంది. నూజివీడు వచ్చేదాకా వదల్లేదు. దిగాక అతను "మీరు" అనడం మానేశాడు, ఆమె కూడా.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. కెనడాలో జరిగిన ఊరేగింపు గురించి ఏదో ఛానల్ గంటకొకసారి చూపించడం మొదలుపెట్టింది. పదిమందిలో హర్తేజ్ మొహం చుట్టూ ఎర్ర గీత గీసి, 'హైదరాబాద్ వాసి' అని రాశారు. ఫణి తల్లి సుభద్ర భోజనాల దగ్గర టీవీ చూస్తూ, "ఈ అబ్బాయి మన కీరత్ వాళ్లన్నేనా?" అని అడిగింది. అప్పటికి ఫణి ఇంట్లో అంతా చెప్పేసి ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫణి ప్యాక్‌హౌస్ ముందు వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. నిద్ర లేని మొహం.

"అమ్మ భయపడుతోంది కీరత్. నాన్న ఏమీ అనలేదుగానీ, అనకపోతే ఇంకా భయం. నేనొకటి ఆలోచించాను. కొన్నాళ్లు మీ అన్నయ్యతో మాట్లాడ్డం మానెయ్. అతనికీ మాకూ సంబంధం లేదని నువ్వే ఒకమాట మా అమ్మతో అంటే..."

కీరత్ చేతిలోని కాయని జాగ్రత్తగా ట్రేలో పెట్టింది. విసిరికొట్టేంత కోపం వచ్చినా కాయని విసరడం ఆమెకి రాదు.

"నా చిన్నప్పుడు జ్వరమొస్తే సైకిల్ మీద కూసోబెట్టుకుని ఆస్పత్రికి తీస్కపోయింది వీర్జీ. ఆయన మాట నాకు నచ్చదు. అది ఆయనకే చెప్పిన, గట్టిగనే చెప్పిన. గానీ అన్న కాదని ఎట్ల చెప్త?"

"కాదని కాదు. ఊరికే, పైకి..."

"వీర్జీ లింకులు చూడమంటడు. పాపాజీ మాట్లాడొద్దంటడు. ఇప్పుడు నువ్వు సంబంధం లేదని చెప్పమంటవు. మన బతుకు మనమే తేల్చుకోవాలని లోకమంత కొట్లాడుతుంది గదా, మరి నాకేం కావాలో ఒక్కరన్న అడిగిన్రా? నా ఇంటిది వేరు, నాది వేరు అన్నవు ఆ రోజు. ఏమైంది ఆ మాట?"

ఆమె ట్రే ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు అతని లోడు సలోమోనే చూశాడు. "కీర్తి గారూ, ఆ ఫణిబాబు రోజూ నా మొహం చూడలేక చస్తున్నాడండీ" అని ఒకసారి అన్నాడు. ఆమె తర్వాతి ట్రే ముందుకి లాక్కుంది. గదికి వెళ్లి పడుకుంటే నిద్ర రాదు. లేచి పనికొస్తే కళ్లు మూతలు పడతాయి. సీజన్ ముగియగానే ఈ ఊరికి మళ్లీ రాకుండా ట్రాన్స్‌ఫర్ పెట్టుకుందామనుకుంది.

జూన్ మొదట్లో ఒక ఉదయం ప్యాక్‌హౌస్ గేటు దగ్గర పాత స్కూటర్ ఆగింది. దిగిన పెద్దాయన ఎడమకాలు ఈడుస్తూ లోపలికి వచ్చి, కుర్చీ కూడా అడక్కుండా ఒక బోర్లించిన ట్రే మీద కూర్చున్నాడు.

"నేను ఫణి నాన్ననమ్మా. ప్రభాకరరావుని. మావాడు ఏదో కూశాడంట కదా."

కీరత్ గ్లాసు అందుకుని, "మంచినీళ్లు తాగుతరా అంకుల్?" అంది.

"తాగుతా. ముందు మీ అన్నయ్యతో ఒకసారి మాట్లాడించు."

ఆమె నింపుతున్న గ్లాసుని పక్కన పెట్టేసింది. "ఎందుకంకుల్? ఆయనేమన్న అంటే మీరు..."

"ఏదన్నా అంటాడు. నేను పడని మాటలా! వాళ్లకిప్పుడు రాత్రి కదా, పడుకున్నాడంటావా?"

పడుకోలేదు. మొదటి రింగుకే ఎత్తాడు. తెర మీద ఇరుకు గది, నీలం తలపాగా, కళ్ల కింద నలుపు. ఎదురుగా తెలియని తెలుగు ముసలాయన కనిపించేసరికి హర్తేజ్ సర్దుకుని కూర్చున్నాడు.

"బాబూ, మీ చెల్లెల్ని మా ఇంటి కోడలిగా అడుగుదామనుకుంటున్నాం. మీ నాన్నగారి దగ్గరికెళ్లే ముందు నీకు ఒకమాట చెబుదామని."

"నాకెందుకు చెప్తున్నరు అంకుల్? నన్ను టీవీల చూడలేదా?"

"చూశాను. నువ్వు మాట్లాడింది పంజాబీ, నాకు అర్థం కాలేదు. ఆ చెయ్యి ఊపడం మాత్రం అర్థమైంది. డెబ్బై రెండులో నేనూ అలాగే ఊపాను."

హర్తేజ్ మొహం బిగుసుకుంది. "ఓహో. నాకు బుద్ధి చెప్పనీకి చేసిన్రన్నమాట."

"అంత ఓపిక నాకు లేదు నాయనా. రెండు ఉద్యమాలు చేశాను, రెండూ ఓడిపోయాను. రెండుసార్లూ న్యాయం మాదే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. నీకేం చెప్పను?"

"మేం గెలిచినం అంకుల్" అన్నాడు హర్తేజ్. గొంతులో కొత్త ఊపు వచ్చింది. "రాదన్నరు, కాదన్నరు, నవ్విన్రు. కొట్లాడినం, వచ్చింది. జనం గట్టిగ అడిగితే వస్తదని నేను నేర్చుకున్నది ఇక్కడ కాదు, హైదరాబాదులనే. ఓటు పెట్టుండ్రి అని అడుగుడు తప్పా?"

"తప్పని నేననలేదుగా. నేను రాజమండ్రి జైల్లో ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్నాను. పాటలు పాడుకునేవాళ్లం. ఇంటి దగ్గర మా నాన్న గుమ్మంలోంచి కదల్లేదంట, ఎవరేం కబురు తెస్తారోనని. నేనొచ్చేసరికి మనిషి సగమయ్యాడు. ఆ లెక్క ఏ ఉద్యమంలోనూ రాసుకోం. నీకు చెప్పాలనిపించింది అదొక్కటే."

హర్తేజ్ గొంతు తగ్గింది.

"మా ఇంట్ల భువాజీ ఉంటది అంకుల్, మా మేనత్త. ఎనభై నాలుగుల ఢిల్లీల మా మామను ఇంట్లకెళ్లి గుంజుకపోయి చంపిన్రు. నలభై ఏండ్లాయె. ఇప్పటికీ తలుపుకు మంచం అడ్డం పెట్టుకుని పండుకుంటది. నేను ఆ గదిలనే పెరిగిన. మర్చిపో అంటరు అందరు. ఆమెకు జవాబెవరు చెప్తరు?"

ప్రభాకరరావు కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. "నాకు తెలీదు నాయనా" అన్నాడు.

కీరత్ పక్కన నిలబడి వింటోంది. భువాజీ తనకి దేశం కావాలని ఎప్పుడూ అడగలేదు. చంపినవాళ్ల పేర్లు ఒక్కసారి కోర్టులో పిలిస్తే వినాలని ఉందనేది, అంతే. ఆ మాట అన్నతో ఎన్నోసార్లు అంది కీరత్. ఇవాళ మళ్లీ అనలేదు.

"ఆ పిల్లగాడేడి?" అన్నాడు హర్తేజ్ చివరికి.

ఫణి గేటు బయటే ఉన్నాడు. తండ్రి పిలిస్తే తలొంచుకుని వచ్చి తెర ముందు నిలబడ్డాడు.

"నా చెల్లెను నాతోటి మాట్లాడొద్దన్నవంట? కీరత్ చెప్పింది."

"అన్నానండీ."

"మల్ల అంటవా?"

"అననండీ. ఒక్కసారి అన్నందుకే సలోమోను మొహం తప్ప వేరే మొహం చూళ్లేదు. ఇంకోసారంటే ఏమైపోతానో."

హర్తేజ్ నవ్వాడు. రెండేళ్లలో అన్న నవ్వడం కీరత్ అదే మొదటిసారి చూసింది. "పెళ్లికి నేను రాలేను అంకుల్. వీసా ఇయ్యరు" అని మాత్రం అని, ఆమె వంక చూడకుండా ఫోన్ పెట్టేశాడు.

ప్రభాకరరావు స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. వేపచెట్టు కింద ఇద్దరే మిగిలారు. సన్నగా తుంపర మొదలైంది. తడవకుండా పక్కకి జరగాలని ఇద్దరికీ తట్టలేదు.

"ఆ రోజు అడగాల్సింది అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. నీకేం కావాలి కీరత్?" అన్నాడు ఫణి.

"నిద్ర" అంది ఆమె.

"ఆఁ?"

"నిజంగనే. ఎవరూ ఫోన్ చెయ్యకుండ ఒక్క రోజంత పండుకోవాలె. లేచినంక నువ్వు కావాలె."

ఫణి నవ్వబోయి ఆగి ఆమె మొహం చూశాడు. ఆ కళ్లలో నీళ్లు వానవి కావు. "అయితే ఇప్పుడే గదికి వెళ్లి పడుకో. నీ కాయలు నేను చూస్తాను" అన్నాడు.

"మచ్చలున్నయి గూడ తీసుకుంటవు. నిన్ను నమ్మ."

అయినా వెళ్లి పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదు.

వర్షాలు పడి తోటల్లో పని తగ్గాక ప్రభాకరరావు భార్యతో, కొడుకుతో హైదరాబాదు వెళ్లాడు. కర్తార్ సింగ్ తలుపు తీసేముందు కిటికీలోంచి చూశాడు. సుభద్ర తను తెచ్చిన మామిడి తాండ్ర భువాజీ చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు. మాంసాహారం సంగతి, ముహూర్తం సంగతి, పెళ్లి ఎవరి పద్ధతిలో అన్న సంగతి అన్నీ అయ్యాయి. కర్తార్ సింగ్ అన్నిటికీ తలూపాడు. ఆఖరికి నేల చూస్తూ అడిగాడు.

"మా పిల్లగాని గురించి మీకు తెల్సా?"

"తెలుసండీ. నేను మాట్లాడాను కూడా."

ఆయన చప్పున తలెత్తాడు. కోప్పడతాడేమోనని కీరత్ భయపడింది.

"ఎట్లున్నడు?" అన్నాడు కర్తార్ సింగ్. "సన్నగయిండా?"

ప్రభాకరరావు కుర్చీ ఆయన వైపు జరుపుకున్నాడు. "కాస్త సన్నబడ్డాడండీ. బాగానే ఉన్నాడు" అన్నాడు.

చలికాలం మొదట్లో హైదరాబాదు గురుద్వారాలో పెళ్లి జరిగింది. గులాబీ రంగు తలపాగాలో ఫణి మెడ తిప్పడానికి భయపడుతూ కూర్చున్నాడు. సుభద్ర కొంగు తల మీదుగా కప్పుకుని, జారిపోతుంటే మళ్లీ మళ్లీ లాక్కుంటోంది. గురుగ్రంథం చుట్టూ నాలుగుసార్లు తిరగాలి. పెళ్లికూతురు తిరిగేటప్పుడు అన్నదమ్ములు చుట్టూ నిలబడి, చెయ్యి ఆసరా ఇచ్చి ఒకరి దగ్గర్నుంచి ఒకరు ముందుకి పంపుతారు. కీరత్‌కి పెదనాన్న కొడుకులు ముగ్గురు నిలబడ్డారు. నాలుగో మూల ఖాళీగా ఉంది. అక్కడ ఎవర్ని నిలబెట్టాలో ఎవరూ తేల్చలేదు.

గ్రంథ పఠనం మొదలయ్యే ముందు కర్తార్ సింగ్ లేచాడు. వెళ్లి ఆ మూల నిలబడి, జేబులోంచి ఫోన్ తీసి, వేలితో ఏదో వెతికి నొక్కాడు. కళ్లజోడు లేకుండా నొక్కడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఫోన్‌ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. తెర మీద, ఎక్కడో రోడ్డు పక్కన ఆపిన ట్రక్కులో, చీకట్లో, హర్తేజ్ మొహం.

మొదటి చుట్టులో ఆ మూలకి వచ్చినప్పుడు కీరత్ తండ్రి మొహం చూడలేకపోయింది. రెండో చుట్టులో ఆయన ఎత్తిన చేతులు కాస్త కిందికి దిగాయి. పెదనాన్న కొడుకు ఒకడు ఫోన్ తను పట్టుకుంటానని చెయ్యి చాపాడు. కర్తార్ సింగ్ ఇవ్వలేదు. మూడో చుట్టులో మోచెయ్యి గోడకి ఆనించుకున్నాడు.

నాలుగో చుట్టు తిరిగి వస్తుండగా ఆయన పెదాలు కదిలాయి. కొడుకుతో మాట్లాడి రెండేళ్లు దాటిన మనిషి, గ్రంథం చదివే గ్రంథీ గొంతు చప్పుడులో ఎవరికీ వినపడదనుకుని, ఫోన్‌తో మెల్లగా అన్నాడు.

"కనబడుతుందా బిడ్డా?"

కీరత్‌కి వినపడింది. ఆమె అడుగు తడబడింది. ముందు నడుస్తున్న ఫణి తమ ఇద్దరినీ కలిపిన ఉత్తరీయం బిగుసుకోవడం గమనించి ఆగాడు, ఆమె కదిలేదాకా.

"కనబడుతుంది పాపాజీ" అంది ఫోను. "జర కుడివైపు తిప్పు. చెల్లె మొహం చూస్త."

ఆయన తిప్పాడు.